పౌడరు డబ్బాలో సముద్రపు గుర్రం

మొన్న ఆదివారం మా మనవరాలు బడికి తీసుకుపోవలసిన సైన్సు చార్టు కోసం హాలంతా కాగితాలు పరుచుకొని కూర్చుంది. సముద్రపు జీవుల బొమ్మలు కత్తిరించి జిగురుతో అంటిస్తూ, వాటిలో ఒకదాన్ని నా కళ్ళద్దాల దాకా ఎత్తి పట్టి, అమ్మమ్మా ఇదేమిటో నీకు తెలుసా అని అడిగింది. తెలియదంటానని అనుకొనే అడిగింది. నేను ఆ బొమ్మను కొంచెం దూరంగా పట్టుకొని చూసి, దీన్ని సముద్రపు గుర్రం అంటారు గానీ ఇది చేప, అందులోనూ మగది, కింద కడుపు దగ్గర సంచి చూడు అన్నాను. పిల్ల కత్తెర కింద పెట్టి నా వంక అనుమానంగా చూసింది. ఓరుగల్లులోనే పుట్టి, ఓరుగల్లులోనే పెండ్లాడి, ఏడో తరగతితో చదువు మానేసి, పుట్టి బుద్ధెరిగి చేపను వండింది గానీ తిన్నది గానీ లేని ముసలిదానికి ఈ సంగతి ఎట్లా తెలిసిందని దాని సందేహం. ఎట్లా తెలిసిందో దానికి చెప్పడానికి ఆ పూట నాకు నోరు రాలేదు. నా ఈడు వాళ్ళకైతే చెప్పగలను. అప్పటి ఇండ్లు, అప్పటి భయాలు మీకు తెలుసు గనుక నన్ను ఎంతో కొంత అర్థం చేసుకుంటారు.

మట్టెవాడలోని ఆ ఇంటికి నేను కోడలిగా వెళ్ళేనాటికి నాకు పదహారేళ్ళు. వీధి వైపు దుకాణం, దుకాణం వెనుక ఇల్లు, ఇంటి వెనుక బావి, బావి పక్కనుంచి మేడ మీది ఒంటి గదికి మెట్లు, వీధి నుంచి బావి దాకా పక్క సందు. దుకాణంలో పసుపు, కుంకుమ, కర్పూరం, వక్కలు, ఊదుబత్తులు అమ్మేవారు. ఇల్లంతా ఎప్పుడూ కర్పూరం వాసన వేస్తుండేది, వేరే వాసన ఏది సోకినా మా అత్తమ్మకు ఇట్టే తెలిసిపోయేది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ముగ్గురు బిడ్డలను పసితనంలోనే పోగొట్టుకొని ఒక్క కొడుకును దక్కించుకున్న తల్లి. ఆ ముగ్గురూ ఎవరి కన్ను తగిలి పోయారోనన్న దిగులు ఆమెకు తీరలేదు. పాలు పోసే ఆమె గిన్నెలోకి తొంగి చూసినా, చాకలామె చీర అంచు పట్టుకొని ఎక్కువసేపు నిలబడినా, ఎందుకు చూసింది, ఎందుకు నిలబడ్డదని సాయంత్రం దాకా ఆలోచించేది. ఆ కొడుకే మా ఆయన. దుకాణంలో మామయ్య పక్కన కూర్చొని పొట్లాలు కట్టేవారు. మాట్లాడటం చాలా తక్కువ. పెండ్లయిన మొదటి ఏడాది ఆయన గొంతు ఎట్లా ఉంటుందో నాకు సరిగా తెలియదంటే మీరు నమ్మాలి.

రెండు రాష్ట్రాలు కలిసి మూడు నాలుగేండ్లయిన రోజులు. ఆంధ్రా వైపు నుంచి ఉద్యోగాలకు నెలకొకరుగా దిగుతుండేవారు. వాళ్ళ యాస వేరు, కాఫీ వేరు, చీర కట్టు వేరు. వీళ్ళు వచ్చి మన పిల్లల కొలువులు తన్నుకుపోతున్నారని దుకాణం అరుగు మీద రోజూ చర్చ జరిగేది. అట్లాంటి రోజుల్లో ఆడపిల్లల హైస్కూలుకు సైన్సు టీచరుగా వచ్చిన ఒకామె, ఒక ఇనుప పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక పుస్తకాల మూటతో మా మేడ గదిని అద్దెకు అడగడానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పెండ్లి కాలేదని తనే చెప్పింది. ఆ వయసుకు పెండ్లి ఎందుకు కాలేదన్నది మా అత్తమ్మ మొదటి అనుమానం.

"మీరెవలోళ్ళు బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

"మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గుడ్డు కూడా ముట్టనండీ. మీకే ఇబ్బందీ రానివ్వను" అన్నది ఆమె.

కులం అడిగినదానికి అది జవాబు కాదని ఇప్పుడు తెలుస్తున్నది గానీ, ఆనాడు గుడ్డు ముట్టని మనిషంటే చాలనిపించింది. మరి మీ నాయన ఏం చేస్తాడని మామయ్య అడిగితే, మా బతుకంతా సముద్రం మీదేనండీ అన్నది. అంటే ఉప్పు వ్యాపారమన్న మాట అని మామయ్య తనంతట తానే తేల్చేసి, ఉప్పు మంచి సరుకేనని మెచ్చుకున్నారు కూడా. ఆమె అవుననలేదు, కాదనలేదు.

ఆమె రాకముందే నాకు ఒకసారి కడుపు నిలవక పోయింది. ఆమె వచ్చిన నాలుగో నెలలో రెండోది పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు ఇంట్లో ఎవరూ పైకి సంతోషపడలేదు. అత్తమ్మ నన్ను బావి దగ్గరికి కూడా పోనిచ్చేది కాదు. ఒకరోజు మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, బడి నుంచి వచ్చిన టీచరమ్మ నా ముందు ఆగి, నన్నడక్కుండానే నా కంటి కింది రెప్పను బొటనవేలితో లాగి చూసి, ఏంటమ్మాయ్ ఇంత తెల్లగా ఉంది, నీ ఒంట్లో రక్తమే లేదు అన్నది. మరునాడు అత్తమ్మను ఒప్పించి నన్ను దవాఖానకు తీసుకుపోయింది. లేడీ డాక్టరు కూడా అదే మాట చెప్పి, ప్రసవమయ్యే దాకా మానకూడదని మాత్రలు రాసి ఇచ్చింది. అత్తమ్మ ఆ మాత్రలను అరచేతిలో పోసుకొని వాసన చూసి, ఇంత నల్లగ ఎందుకున్నయని అడిగింది.

ఆ వానకాలమే ఈ సంగతి జరిగింది. టీచరమ్మ బడికి పోయేటప్పుడు గది తాళపుచెవి నాకిచ్చి పోయేది, వాన వస్తే కిటికీ మూయమని. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. పరుగున మేడెక్కి కిటికీ రెక్క లాగబోతే, గూట్లో ఉన్న రేకు పౌడరు డబ్బా నా మోచేయి తగిలి కింద పడి మూత ఊడింది. లోపల పౌడరు లేదు. దూది ఉంది, దూదిలో ఒక వస్తువు ఉంది. నా మధ్యవేలంత పొడుగు. ముఖం చూస్తే అచ్చం గుర్రం, తోక చూస్తే చుట్టుకున్న పాము, ఒళ్ళంతా కట్లు కట్లుగా ఎముకల పంజరం, రెండు కళ్ళ చోట రెండు గుంటలు. ఎండి బిగుసుకుపోయి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి మళ్ళీ దూదిలో పెట్టి మూత బిగించాను. మూడో నెల కడుపుతో ఉన్నాను. కిందికి దిగి ఆమె వచ్చేదాకా ఆగి ఆమెనే అడగవలసింది. ఆగలేదు. నేరుగా వంటింట్లోకి పోయి అత్తమ్మకు చెప్పాను.

"ముట్టుకున్నవా పిల్లా? జర నిజం చెప్పు."

"లేదత్తమ్మా, ఊకె చూసిన."

అది నేను ఆడిన మొదటి అబద్ధం.

అత్తమ్మ పొయ్యి మీది పప్పు దించి, పీట మీద కూర్చొని నెమ్మదిగా అన్నది. "ఆమె వచ్చినంకనే గదా నీకు రెండోది పోయింది." అంతే, ఆ ఒక్క మాటతో ఇల్లు మారిపోయింది. బాణామతి అన్న పేరు ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసులోనూ అదే ఉంది. మేమెవరం ఆమెను అడగలేదు. అడిగితే ఆమె జాగ్రత్తపడుతుందని అత్తమ్మ భయం. అడగడానికి బదులు కనిపెట్టడం మొదలుపెట్టాం. ఆమె నిమ్మకాయలు కొనుక్కొస్తే ఎన్ని కొన్నది, తొక్కలు ఎక్కడ వేసింది. మంగళవారం తలకు పోసుకుంటే అదే రోజు ఎందుకు. ఆమె గోడకు తగిలించిన మనిషి ఎముకల పటం బడి పిల్లల కోసమని మొదటి రోజే చెప్పినా, ఇప్పుడు ఆ పటం వంక చూడకుండానే కిటికీ మూసి వచ్చేదాన్ని. ఆమె ఇచ్చిన అరటిపండ్లను అత్తమ్మ చేటలో పెట్టి ఆవుకు వేసి, ఆవు సాయంత్రం దాకా ఎట్లా ఉందో చూసింది. ఆవు బాగానే ఉంది. ఆవు బాగున్నా, మనిషి మీద పెట్టింది పశువు మీద పని చెయ్యదన్నది అత్తమ్మ. నేనైతే మాత్ర వేసుకునేటప్పుడల్లా దాన్ని వెలుతురుకు పట్టి చూసేదాన్ని. ఆ మాత్రలు రాసింది డాక్టరు, అమ్మింది మందుల దుకాణం, మధ్యలో టీచరమ్మ చేసిందేమీ లేదు. అయినా పట్టి చూసేదాన్ని.

రెండు వారాలు అట్లా గడిచాక ఇక ఉండబట్టలేక, ఒక సాయంత్రం ఆమె మెట్లెక్కుతుంటే ఎదురుపోయి అడిగేశాను.

"టీచరమ్మా, మీ పౌడరు డబ్బల ఉన్నదేంది?"

ఆమె ముందు ఆశ్చర్యపోయి, తర్వాత పకపకా నవ్వింది. "అయ్యో, దాన్ని చూశావా? ఎంత హడలిపోయావో ఏంటో! అది చేప, అమ్మాయ్."

ఆ మెట్ల మీదే కూర్చొని ఆమె చెప్పిన సంగతులు ఈనాటికీ ఒక్కటి కూడా మరచిపోలేదు. లోతు తక్కువ ఉన్న ఒడ్డు నీళ్ళలో గడ్డి పెరుగుతుందట. అక్కడ ఈ చేప తోకతో గడ్డిపోచను చుట్టి పట్టుకొని నిలువుగా నిలబడి ఉంటుందట. ఈత సరిగా రాదు, వీపు మీది చిన్న రెక్క వణికిస్తూ మెల్లగా కదులుతుంది. పళ్ళు లేవు, కడుపులో తిండి దాచుకునే చోటు లేదు. అందుకని ఆ గొట్టం మూతితో సన్న సన్న పురుగులను రోజంతా పీల్చుకుంటూనే ఉంటుంది. ఒక కన్ను ముందుకు చూస్తుంటే ఇంకో కన్ను వెనక్కి చూడగలదు. ఇవన్నీ ఒక ఎత్తు, చివర చెప్పింది ఒక ఎత్తు. ఆడది గుడ్లను మగదాని పొట్ట కింది సంచిలో పెట్టి పోతుందట, వాటిని మోసేది, పొదిగేది, కొన్ని వారాలయ్యాక నొప్పులు పడి వందల కొద్దీ పిల్లలను బయటికి వదిలేది మగదేనట. రెండు కడుపులు పోగొట్టుకొని మూడోదాన్ని మోస్తున్న నాకు ఆ మాట వినగానే ముందు కలిగింది ఆశ్చర్యం కాదు, అనుమానమే. మగవాడు కనడమేమిటి? దొరికిపోయి కథ అల్లుతున్నదేమో అనిపించింది.

నా ముఖంలో అది కనిపించి ఉంటుంది. ఆమె నవ్వు తగ్గించి అన్నది. "నిజంగానే చెబుతున్నాను. నన్ను కని మా అమ్మ పోయింది. మా నాన్నే పెంచాడు. నేనూ ఈ చేపలాంటోడినే అనేవాడు. ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు, వలలో పడిన దీన్ని ఎండబెట్టి..."

వల అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఉప్పు వ్యాపారికి వల ఎందుకు?

"మీ అత్తగారితో అనకు, అమ్మాయ్" అన్నది. "ఈ ఊళ్ళో మూడిళ్ళు తిరిగాక దొరికింది ఈ గది."

నా అనుమానం పోవడానికి ఆమె తన కాలేజీ పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆ చేప బొమ్మ ఉన్న పేజీలో కాగితం ముక్క పెట్టి ఇచ్చింది. మరునాడు మధ్యాహ్నం దుకాణం మూసి భోజనానికి వచ్చిన మా ఆయన ముందు ఆ పుస్తకం పెట్టి మొత్తం చెప్పాను. ఆయన తొమ్మిది దాకా చదివారు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చాలాసేపు చదివారు.

"మేల్ అంటే మగది. పౌచ్ అంటే సంచే. గట్లనే రాసి ఉన్నది" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి చదివి, "నిజమే ఉన్నది" అన్నారు.

"మరి అత్తమ్మకు చెప్తరా?"

"చేప అని చెప్తే ఉంచుతదా?"

చేప కాదంటే ఆమె మంత్రగత్తె, చేప అంటే ఆమె జాలరి బిడ్డ. ఏది అన్నా ఆ గది ఆమెది కాకుండా పోతుంది. నాకూ ఆయనకూ తెలిసిన నిజం ఆమెను కాపాడేది కాదు. అందుకని నోరు మూసుకొని ఉంటే అదే సద్దుమణుగుతుందని ఇద్దరం అనుకున్నాం. అట్లా అనుకోవడం మాకు సులభం కూడా.

సద్దుమణగలేదు. ఆ మంగళవారం పొద్దున్నే ధర్మసాగర్ దిక్కు పల్లె నుంచి మామయ్య ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. అత్తమ్మ వచ్చి నా ముందు చెయ్యి చాచింది. "తాళపుచెవి ఇయ్యి." కొంగు ముడి విప్పి ఇచ్చాను. ఎవరూ నా చెయ్యి విరిచి లాక్కోలేదు. నేనే ఇచ్చాను.

బావి దగ్గర ముగ్గు వేసి, ఇత్తడి పళ్ళెంలో ఆ చేపను పెట్టి, మీద కుంకుమ చల్లి, చుట్టూ నిమ్మకాయలు కోసి పెట్టాడు ఆ వైద్యుడు. పుల్లతో దాన్ని అటూ ఇటూ దొర్లించి చూసి, "గుర్రం మొకం, పాము తోక. ఇది కడుపు మీద పెట్టే పని. జర బందోబస్తుగ చెయ్యాలె" అన్నాడు. అప్పటికప్పుడు ఏదో ఒకటి అనాలని, "అది బడిది గావచ్చు అత్తమ్మా, పిల్లలకు చూపెట్టెటందుకు..." అన్నాను.

"నీకెట్ల ఎరుక?" అన్నది అత్తమ్మ. ఆ ఇంటికి వచ్చిన మూడేళ్ళలో అందరి మీదికీ తిరిగిన ఆ చూపు మొదటిసారి నా మీదికి తిరిగింది. నేను తల దించుకున్నాను. దుకాణం వెనుక గుమ్మంలో మా ఆయన దర్వాజ చెక్క పట్టుకొని నిలబడి ఉన్నారు.

ఆ రోజు ఏదో పరీక్ష అయిపోయి బడి పెందలాడే విడిచిపెట్టారట. పక్క సందులోంచి వచ్చిన టీచరమ్మ ముగ్గును చూసింది, పళ్ళేన్ని చూసింది, పక్కన మూత లేకుండా పడి ఉన్న తన డబ్బాను చూసింది. తర్వాత నన్ను చూసింది, ఒక్కసారే. పుస్తకాల సంచి మెట్టు మీద పెట్టి, గొంతు పెంచకుండా, క్లాసులో చెప్పినట్టే చెప్పింది.

"ఇది చేతబడి కాదండీ, చేప. మా నాన్న వలలో పడింది. మేం జాలరులం."

అందరికంటే ముందు తేరుకున్నది ఆ వైద్యుడే. చేపనా అని ఒకసారి వంగి చూసి, నిమ్మకాయలు కూడా వదిలేసి తన సంచి సర్దుకున్నాడు. అత్తమ్మ ముఖంలో మూడు వారాలుగా ఉన్న భయం నా కళ్ళ ముందే కరిగిపోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది.

"చేపనా? మా ఇంట్ల చేపనా?"

మంత్రగత్తె అనుకున్నన్నాళ్ళు ఆమెను గది ఖాళీ చెయ్యమనడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. జాలరి బిడ్డ అని తెలిసిన మరుక్షణం ఆ ధైర్యం వచ్చింది. పొద్దుటికల్లా పొమ్మన్నారు. ఆమె వాదించలేదు. పళ్ళెంలోంచి ఆ చేపను తీసి, కుంకుమ ఊది, దూదిలో పెట్టుకొని పైకి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున రిక్షా వచ్చి వీధిలో ఆగింది. ఆ ఇనుప పెట్టెను మెట్ల మీదుగా దించడానికి ఆమె ఒక్కతే తంటాలు పడుతుంటే ఇంట్లో ఎవరూ కదలలేదు. అప్పుడు మా ఆయన పొట్లాలు కడుతున్న దారం పక్కన పెట్టి, లేచి వచ్చి, తల్లి చూస్తుండగానే ఆ పెట్టెను భుజాన వేసుకొని రిక్షా దాకా మోశారు. పరుపు చుట్ట మోశారు, పుస్తకాల మూట మోశారు. నేను ఆమె పుస్తకం పట్టుకొని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె దాన్ని అందుకొని, నేను ఏదో అనబోతుంటే అననివ్వకుండా, "మాత్రలు మానకు, అమ్మాయ్" అన్నది. పుస్తకం ఒళ్ళో పెట్టుకొని రిక్షా ఎక్కింది. రిక్షా మలుపు తిరిగాక అత్తమ్మ మా ఆయనను గడప దాటనివ్వలేదు, బావి దగ్గర నిలబెట్టి నాలుగు చేదల నీళ్ళు పోసుకోమన్నది. ఆయన బట్టలతోనే పోసుకున్నారు. ఆ రోజు దుకాణంలో కూర్చోలేదు. మేడ గదిని అత్తమ్మ పేడనీళ్ళతో మూడుసార్లు అలికించింది.

నేను మాత్రలు మానలేదు. అవి ఇక ఇంట్లోకి రాకూడదని అత్తమ్మ కట్టడి చేస్తే, మా ఆయన వాటిని కుంకుమ పొట్లంలా కట్టి తెచ్చి ఇచ్చేవారు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, దక్కింది. ఆ పిల్లే నా పెద్దకూతురు, చార్టు అంటించిన మనవరాలి తల్లి. గది ఖాళీ అయింది గనుకనే కడుపు నిలిచిందని అత్తమ్మ పోయేదాకా నమ్మింది. వచ్చిన వాళ్ళకల్లా చెప్పేది. ఆమె చెబుతుంటే వింటూ కూర్చున్నాను, కాదని ఒక్కనాడూ అనలేదు. బిడ్డకు ఏడాది నిండాక ధైర్యం చేసి, ఎత్తుకొని ఆ బడికి పోయి అడిగితే, ఆమెకు బదిలీ అయిందన్నారు. ఎక్కడికో అక్కడ ఉన్నవాళ్ళకు తెలియదు. ఆమె నా గురించి ఏమనుకొని వెళ్ళిందన్న సంశయం మాత్రం నాలో ఉండిపోయింది. పళ్ళెం ముందు నిలబడి ఆమె చూసిన ఆ ఒక్క చూపులో కోపముందా, జాలి ఉందా, లేక ఇట్లాగే జరుగుతుందని మొదటి నుంచే అనుకుంటూ వచ్చిందా?

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ చోట మూడంతస్తుల బట్టల దుకాణం ఉంది, బావి ఎక్కడుండేదో నేను కూడా గుర్తు పట్టలేను. అత్తమ్మ లేదు, మామయ్య లేరు, మా ఆయన పోయి ఆరేళ్ళయింది. హనుమకొండలో మేముండే అపార్టుమెంటులో ఎదురింటి వాళ్ళు వచ్చి రెండేళ్ళయినా వాళ్ళు ఏం వండుకుంటారో, ఎవరి బిడ్డలో నాకు తెలియదు, నన్ను ఎవరూ అడగరు. అడగకపోవడమే మర్యాద అని మా అమ్మాయి అంటుంది, కావచ్చు. మేమైతే అడిగాం, తొంగి చూశాం, లెక్కలు కట్టాం, ఒక మనిషి నిమ్మతొక్కలను కూడా వదలకుండా కనిపెట్టాం. అంత కనిపెట్టిన ఇంట్లో, రెండేళ్ళు మా నెత్తి మీదనే కాపురమున్న ఆ మనిషిది ఏ ఊరు అని ఒక్కరమూ అడగలేదు. సముద్రపు వైపు అని మాత్రం తెలుసు. సముద్రపు ఒడ్డు ఎంత పొడుగుంటుందో అప్పుడు నాకు తెలియదు.